కళ్ళు కూడా వింటాయి

తెర మీద ఒక మనిషి ముఖం. పెదవులు ‘గా గా’ అంటున్నట్టు కదులుతుంటాయి. దాని మీద అతికించిన ధ్వని మాత్రం ‘బా బా’. ఏం వినిపించిందని అడిగితే చూస్తున్నవాళ్ళు ‘గా’ అనరు, ‘బా’ అనరు. ‘డా డా’ అని వినిపించిందంటారు. ఇంగ్లండులోని సర్రే విశ్వవిద్యాలయంలో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1976లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ఫలితమిది. వాళ్ళు పరీక్షించిన పెద్దవాళ్ళలో 98 శాతం మందికి ఆ లేని ‘డా’యే వినిపించింది. కళ్ళు మూసుకుంటే ‘బా’ స్పష్టంగా వినపడుతుంది. కళ్ళు తెరిస్తే మళ్ళీ ‘డా’. జరుగుతున్న మాయ ఏమిటో ముందే విడమరిచి చెప్పినా చెవి దారికి రాదు. పెదవులు పలకని, స్పీకరులోంచి రాని ఆ మూడో అక్షరం ఎక్కడ పుట్టినట్టు?

ఇంద్రియాలు ఐదూ ఐదు వేరువేరు ద్వారాలని, దేని పని అది చేసుకుపోతుందని, అవి తెచ్చిపెట్టిన సమాచారాన్ని మెదడు చివర్లో ఒకచోట పేర్చుకుంటుందని మనలో చాలామంది నమ్మకం. బడి పుస్తకాల్లో కన్ను, చెవి, ముక్కు, నాలుక, చర్మం బొమ్మలు విడివిడిగా వేసి ఎదురుగా వాటి పనులు రాసే పద్ధతి ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచింది. ఆ నమ్మకం తప్పని నా వాదన. విన్నాను అన్నప్పుడు మనం విన్నది చెవి ఒక్కటీ ఇచ్చింది కాదు, చూశాను అన్నప్పుడు చూసింది కన్ను ఒక్కటీ ఇచ్చింది కాదు. ఇంద్రియాల మాటల్ని, ఏది ఎంత నమ్మదగ్గదో దాన్ని బట్టి బేరీజు వేసి మెదడు ఇచ్చే తీర్పునే మనం అనుభవం అంటున్నాం. ఆ తీర్పు చెప్పే నేర్పు పుట్టుకతో పూర్తిగా రాదు, పసితనంలో అలవడుతుంది. ఈ రెండో మాట నిజమైతే దానివల్ల పెద్దవాళ్ళమీద పడే బాధ్యత చిన్నదేమీ కాదు. అందుకే ఈ విషయం శాస్త్రజ్ఞులకు వదిలేసి ఊరుకోదగ్గది కాదనిపిస్తుంది.

ముందు బేరీజు సంగతి. మార్క్ ఎర్న్‌స్ట్, మార్టిన్ బ్యాంక్స్ 2002లో ఒక ప్రయోగం చేశారు. ఒక గట్టులాంటి పట్టీ ఎత్తు ఎంతో కంటితో చూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని అంచనా కట్టమన్నారు. నిజానికి అక్కడ పట్టీ లేదు. కంటికి కనిపించేది కంప్యూటరు తయారుచేసిన చుక్కల బొమ్మ, వేళ్ళకు తగిలేది చిన్న యంత్రాల ఎదురు ఒత్తిడి. అందువల్ల కంటికి ఒక ఎత్తు, చేతికి కాస్త తేడాగా ఇంకో ఎత్తు చూపించడం వీలైంది. బొమ్మ స్పష్టంగా ఉన్నంతసేపూ కంటి మాటే నెగ్గింది. బొమ్మలో గజిబిజి పెంచిన కొద్దీ చేతి మాట బరువెక్కింది. అదీ అడ్డదిడ్డంగా కాదు. ఏ ఇంద్రియం ఎంత నమ్మదగ్గదో గణితం ప్రకారం లెక్కకడితే దేనికి ఎంత బరువు ఇవ్వాలో, మనుషులు దాదాపుగా అంతే ఇచ్చారు. పైగా రెంటినీ కలిపి కట్టిన అంచనాలో తడబాటు, ఏ ఒక్కదానితో కట్టిన అంచనాలోనైనా ఉన్న తడబాటుకన్నా తక్కువ. ఊళ్ళో తగవు తీర్చే పెద్దమనిషి, మసక వెలుతురులో దూరం నుంచి చూసినవాడి మాటకన్నా పక్కన నిలబడి చూసినవాడి మాటకు ఎక్కువ విలువ ఇస్తాడు, అయినా మొదటివాడి మాటను మొత్తంగా కొట్టిపారెయ్యడు. మెదడు చేసిందీ ఇదే, కాకపోతే మనకు తెలియకుండా, కన్ను మూసి తెరిచేలోగా.

దీనిమీద మొదట వచ్చే అభ్యంతరం తెలిసిందే. ఇందులో బేరీజు ఏముంది, ఇంద్రియాల్లో కన్ను రాజు, మిగతావి దాని మాట వింటాయి, అంతే కదా అని. ఈ మాటకు ఆధారం లేకపోలేదు. తోలుబొమ్మలాటలో మాటా పద్యమూ తెర వెనక ఉన్న కళాకారుల గొంతులోంచి వస్తాయి. చూసేవాళ్ళకు మాత్రం తెరమీద చేతులూపుతున్న బొమ్మే మాట్లాడుతుంది. సినిమా హాల్లో స్పీకరు ఎక్కడున్నా మాట హీరో నోట్లోంచే వస్తుంది. ధ్వని ఎక్కణ్ణుంచి వస్తోందన్న ప్రశ్నలో కన్ను చెవిని లాగేసుకుంటుందని చాలాకాలంగా తెలుసు. అయితే డేవిడ్ బర్ తన సహచరుడితో కలిసి 2004లో ఒక చిన్న మార్పు చేశాడు. కనిపించే వెలుగు చుక్కను బాగా అలుక్కుపోయేట్టు చేశాడు. దాంతో పరిస్థితి తిరగబడింది. ధ్వని ఎక్కడుంటే వెలుగు కూడా అక్కడే ఉన్నట్టు తోచింది. అంటే కన్ను నెగ్గుతూ వచ్చింది రాజు కావడం వల్ల కాదు, చోటు చెప్పడంలో మామూలుగా దానికే ఎక్కువ నిక్కచ్చితనం ఉండడం వల్ల. కాలం చెప్పడంలో నిక్కచ్చితనం చెవిది. అక్కడ చెవే పైచేయి. 2000లో లదన్ షామ్స్ బృందం చూపించిన సంగతి ఇందుకు మంచి సాక్ష్యం. వెలుగు ఒక్కసారే మెరుస్తుంది, దానితోపాటు ‘బీప్’ అన్న చప్పుడు వెంటవెంటనే రెండుసార్లు వస్తుంది. చూసేవాళ్ళకు మెరుపు రెండుసార్లు కనిపిస్తుంది. స్పర్శ కూడా ఇందుకు మినహాయింపు కాదు. ఫిన్లండులో వెయికో యూస్మాకి, రీటా హరి 1998లో కొందరిని అరచేతులు రెండూ రుద్దుకోమన్నారు. ఆ రాపిడి చప్పుడును మైకులో పట్టి, అందులోని సన్నని పై ధ్వనుల్ని హెచ్చించి వాళ్ళ చెవులకే వినిపించారు. చర్మం కాగితంలా ఎండిపోయినట్టు వాళ్ళకు అనిపించింది. చేతుల మీద ఏ మార్పూ లేదు. మారింది చప్పుడు ఒక్కటే.

ఇంకొక అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. దీన్ని తీర్పు అనడం సరికాదు, తీర్పు అయితే నిజం తెలిశాక మారాలి, మెక్‌గర్క్ చూపించిన మాయ ఎన్నిసార్లు చూసినా మారడం లేదు కాబట్టి ఇది మోకాలి మీద కొడితే కాలు లేచినట్టు యాంత్రికంగా జరిగేది అని. మన ఇష్టాయిష్టాలకు ఇది లోబడదన్నది నిజమే. కానీ యాంత్రికమైనదానికి ఎదుటి పరిస్థితితో పని ఉండకూడదు. ఇక్కడ బొమ్మ మసకబారితే ఒక ఫలితం, ధ్వని మసకబారితే ఇంకో ఫలితం. ఇది లోపల ఎవరో లెక్క కడుతున్న తీరే. ఆ ‘డా’ ఎలా వచ్చిందో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. ‘బా’ అనాలంటే పెదవులు మూతపడాలి. తెరమీద పెదవులు మూతపడలేదు కాబట్టి ఇది ‘బా’ అయ్యే వీలు లేదంటుంది కన్ను. చెవికి అందిన ధ్వని ‘గా’కు దూరంగా ఉంది. రెంటికీ మరీ విరుద్ధం కాని అక్షరం ‘డా’. ఆ సమాధానం తప్పే, కానీ చేతిలో ఉన్న ఆధారాలకు అంతకన్నా మంచి సమాధానం లేదు. అందరికీ ఒకే మోతాదులో ఇది జరగదని కూడా చెప్పాలి. తర్వాత జరిగిన పరిశోధనల్లో మనిషికీ మనిషికీ మధ్య చాలా తేడా కనిపించింది. జపనీయుల మీద చేసిన ప్రయోగాల్లో ఇంగ్లీషువాళ్ళకన్నా తక్కువగా కనిపించింది. 1976 నాటి పరీక్షలోనే పిల్లల్లో పెద్దవాళ్ళంత బలంగా లేదు. పెరిగిన వాతావరణాన్ని బట్టి, వయసును బట్టి మారే దాన్ని ఉత్త యంత్రం అనడం కష్టం.

ప్రయోగశాలలో కావాలని చేసిన గారడీలతో నిత్యజీవితం గురించి ఏం తేల్చగలం అని అడిగేవాళ్ళకు జవాబు నిత్యజీవితంలోనే ఉంది. ఇంద్రియాలన్నీ ఒకే మాట చెబుతున్నప్పుడు అతుకు కనిపించదు. అతుకు ఎక్కడుందో చూడాలంటే వాటి మధ్య కావాలని తేడా పెట్టాలి, గారడీ అవసరం అంతవరకే. అతుకు పనిచేస్తోందనడానికి గోలగా ఉన్న పెళ్ళి పందిరి చాలు. మేళాల మధ్య, మైకుల మధ్య ఎదుటివాళ్ళ మాట అందుతోందంటే వాళ్ళ నోటివైపు చూస్తున్నాం కాబట్టే. సంబీ, పొలాక్ అనే ఇద్దరు 1954లోనే దీన్ని కొలిచి చూపించారు. చుట్టూ గోల పెరిగిన కొద్దీ, మాట్లాడేవాళ్ళ ముఖం కనిపించడం వల్ల కలిగే మేలు పెరుగుతూ పోయింది. ఇందులో ఒక చక్కని పొత్తు ఉంది. గోలలో చెవి ముందుగా పోగొట్టుకునేది ఆ అక్షరం నోట్లో ఏ చోట పుట్టిందన్న ఆనవాలు. ‘ప’ అన్నారో ‘త’ అన్నారో ‘క’ అన్నారో తేలదు. సరిగ్గా అదే కంటికి తేలిగ్గా తెలుస్తుంది. ఇక ‘ప’, ‘బ’, ‘మ’ మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి కాబట్టి కంటికి ఆ తేడా ఎప్పటికీ అందదు. దాన్ని చెవి గోలలో కూడా చాలావరకు పట్టుకుంటుంది. ఒకటి తప్పేచోట రెండోది నిలబడుతుంది.

కాలం విషయంలో మెదడు చూపించే ఓర్పు కూడా ఇక్కడ చెప్పుకోవలసిందే. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. వెలుతురుకు ఆ ఆలస్యం లేదు. మరి శరీరంలోకి వచ్చాక వరస తారుమారవుతుంది, కంటి రెటీనా తన సంకేతాన్ని తయారుచేసుకునే లోపే చెవి తన పని ముగించేస్తుంది. ఇన్ని హెచ్చుతగ్గుల మధ్య కూడా, వీధి చివర బట్టలు ఉతుకుతున్న మనిషి చేయి, ఆ దెబ్బ చప్పుడూ మనకు ఒకే సంఘటనగా అందుతాయి. టీవీ ప్రసారాల వాళ్ళు పెట్టుకున్న కొలతలు దీన్నే చెబుతాయి. మాట పెదవులకన్నా ముందొస్తే 45 మిల్లీసెకన్ల తేడాకే పసిగడతాం. వెనక వస్తే 125 మిల్లీసెకన్ల దాకా గుర్తించం. ప్రకృతిలో ధ్వని ఆలస్యంగా వస్తుందే గానీ ముందెన్నడూ రాదు. ఆ సంగతి మెదడుకు అనుభవం మీద తెలుసు.

కంటికి కనిపించేదీ చేతికి తగిలేదీ ఒకటేనని చెప్పేది ఎవరన్న ప్రశ్న మనదేశంలో పాతదే. గౌతముడి న్యాయసూత్రాల మూడో అధ్యాయం దానితోనే మొదలవుతుంది. కంటికి తాకడం తెలియదు, చర్మానికి చూడడం తెలియదు. అయినా చూసినదాన్నే తాకుతున్నానని గుర్తుపడుతున్నాం కాబట్టి, ఆ రెంటికీ వేరుగా ఉండి రెంటినీ కలుపుకునేవాడు ఒకడు ఉండాలి, వాడే ఆత్మ అని నైయాయికులు వాదించారు. రంగు కంటికి మాత్రమే అందుతుందని, సంఖ్య, పరిమాణం లాంటివి కంటికీ చర్మానికీ రెంటికీ అందుతాయని వాళ్ళు చేసిన విభజన ఈనాటికీ నిలిచేదే. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో రంగును నిర్వచించింది కూడా అలాగే. ప్రశ్న అడిగిన తీరులో వాళ్ళను మించినవాళ్ళు లేరు. కానీ ఆ కలుపుకునేవాడి కోసం మెదడంతా గాలిస్తే ఒక్కడు దొరకలేదు. బారీ స్టీన్, అలెక్స్ మెరెడిత్ పిల్లుల మధ్యమెదడులో ‘సుపీరియర్ కొలిక్యులస్’ అనే భాగంలో చూపుకూ ధ్వనికీ స్పర్శకూ కలిపి స్పందించే నాడీకణాలను చూపించారు. విడివిడిగా బలహీనమైన రెండు సంకేతాలు ఒకేచోట, ఒకేసారి అందితే అవి రెంటి మొత్తానికి మించి స్పందిస్తాయి. మనుషుల్లో మాట విషయానికొస్తే, చెవి వెనక వైపుగా మెదడులో ఉండే ఒక గాడికి అయస్కాంతపు పోటుతో క్షణకాలం అడ్డుపడితే మెక్‌గర్క్ మాయ తగ్గిపోతుందని 2010లో తేలింది. అన్నిటికన్నా ఆశ్చర్యం జెమ్మా కాల్వర్ట్ బృందం 1997లో ప్రకటించింది. ధ్వని ఏమీ లేకుండా కదిలే పెదవుల్ని చూస్తున్నప్పుడే శబ్దానికి కేటాయించిన మెదడు భాగం చురుగ్గా పనిచేసింది. కలయిక చివర్లో ఒక గదిలో జరగడం లేదు. మొదటి మెట్టు నుంచే, చాలా చోట్ల జరుగుతోంది.

ఇక ఈ నేర్పు పుట్టుకతో వచ్చిందా, అలవడిందా అన్నది. డబ్లిన్‌కు చెందిన విలియం మాలినో, పెళ్ళయిన కొద్దికాలానికే భార్య చూపు కోల్పోయిన మనిషి, 1688లో తత్వవేత్త జాన్ లాక్‌కు ఒక ప్రశ్న రాసి పంపాడు. పుట్టుగుడ్డి ఒకడు గోళాన్నీ ఘనాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టగలడు. అతనికి హఠాత్తుగా చూపు వస్తే ముట్టుకోకుండా ఏది ఏదో చెప్పగలడా? చెప్పలేడని మాలినో అన్నాడు, లాక్ ఒప్పుకుని 1694లో తన గ్రంథం రెండో కూర్పులో ఆ ప్రశ్నను చేర్చాడు. దానికి నిజమైన పరీక్ష జరగడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది, జరిగింది మన ఢిల్లీలో. ఎం.ఐ.టి. ఆచార్యుడు పవన్ సిన్హా మొదలుపెట్టిన ‘ప్రాజెక్ట్ ప్రకాశ్’ ఉత్తర భారత పల్లెల్లో పుట్టుకతో శుక్లాలు కమ్మిన పిల్లల్ని వెతికి ఆపరేషన్లు చేయిస్తుంది. పుట్టుకతో చూపు లేక ఇలా ఆపరేషన్‌తో చూపు వచ్చిన ఐదుగురిని, 8 నుంచి 17 ఏళ్ళ వాళ్ళని, ఆపరేషన్ అయిన 48 గంటల లోపు పరీక్షించారు. బొమ్మల పెట్టెలో దొరికేలాంటి చిన్న దిమ్మల జతలు ఇరవై. ఒక దిమ్మను దుప్పటి కింద తడిమి, రెండింటిలో అదేదో మళ్ళీ చేత్తోనే గుర్తుపట్టమంటే 98 శాతం సరిగ్గా చెప్పారు. చూసినదాన్ని చూసి గుర్తుపట్టమంటే 92 శాతం. చేత్తో తడిమినదాన్ని కంటితో గుర్తుపట్టమంటే 58 శాతం. ఊరికే ఏదో ఒకటి చూపించినా 50 వస్తుంది. మాలినో చెప్పిందే నిజమైంది. కొత్తగా వచ్చిన చూపు బలహీనమైనది కాబట్టి ఓడిపోయారనడానికి వీల్లేదు, ఆ చూపుతోనే 92 వచ్చింది. కేవలం బొమ్మ పోలికతో ఆ 92 తెచ్చుకుని ఉంటారని, వస్తువు నిజ ఆకారం వాళ్ళకు ఇంకా తెలియలేదని కొందరు తాత్వికులు ఎదురు చెప్పారు. అదీ ఆలోచించదగ్గదే. అయితే ప్రత్యేకమైన శిక్షణ ఏమీ లేకుండా, ఐదు రోజుల వ్యవధిలోనే ఈ మూడో పరీక్షలో స్పష్టమైన మెరుగుదల కనిపించింది. దారి లోపల సిద్ధంగా ఉంది, దానిమీద నడిచే అనుభవమే లేకపోయింది.

నాలుగైదు నెలల పసిపిల్లలు కూడా వినిపించే అచ్చుకు సరిపోయే నోరు ఉన్న ముఖం వైపే ఎక్కువసేపు చూస్తారని 1982లో పట్రీషియా కూల్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ చూపించారు కదా, అలాంటప్పుడు ఇది నేర్చుకునేదెలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. మొలక పుట్టుకతోనే ఉందని ఒప్పుకోవడంలో నాకు ఇబ్బంది లేదు. కానీ మొలక చెట్టు కావడానికి ఏళ్ళు పడుతుంది. చూపునూ స్పర్శనూ పెద్దవాళ్ళంత చక్కగా బేరీజు వేయడం పిల్లలకు ఎనిమిది, పదేళ్ళ దాకా రాదని మోనికా గోరి బృందం 2008లో కనుక్కుంది. చీకట్లో పెంచిన పిల్లికూనల మెదడులో ఇంద్రియాలను కలిపి స్పందించే శక్తి కణాలకు రాలేదు. పసితనంలో తొలి నెలలన్నీ శుక్లాలతో గడిపి తర్వాత చూపు తెచ్చుకున్న మనుషుల్ని జర్మనీలో పరీక్షిస్తే, పెద్దయ్యాక కూడా పెదవుల కదలికను మాటతో కలుపుకోవడంలో వెనకబడే ఉన్నారు. పుట్టుకతో వినికిడి లేక కాక్లియర్ ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లల్లో, రెండున్నరేళ్ళ లోపు పెట్టించుకున్నవాళ్ళకే పెదవులనూ ధ్వనినీ కలిపిన అలాంటి మూడో అక్షరం నిలకడగా వినిపించే అవకాశం ఎక్కువగా ఉందని 2005లో వచ్చిన పరిశోధన చెబుతోంది. చూపు ఎప్పుడు వచ్చినా చూపే, వినికిడి ఎప్పుడు వచ్చినా వినికిడే అనుకుంటాం. అవి రెండూ ఒకదానికొకటి పరిచయం కావలసిన వయసు ఒకటుందని ఈ ఫలితాల సారం.

దీన్ని బట్టి చూపు లేనివాళ్ళ అనుభవం, వినికిడి లేనివాళ్ళ అనుభవం అసంపూర్ణమని ఎవరైనా తీర్మానిస్తే అది పెద్ద పొరపాటు. చిన్నప్పటి నుంచి చూపు లేనివాళ్ళు వేలికొనలతో బ్రెయిలీ చదువుతున్నప్పుడు, మామూలుగా చూపుకు పనిచేసే మెదడు వెనక భాగం చురుగ్గా ఉంటుందని 1996లో నోరిహిరో సదాతో బృందం చూపించింది. కన్ను వాడుకోని చోటును వేలు వాడుకుంది. తూకం వేసే మెదడు ఉన్నవాటితోనే తూకం నేర్చుకుంటుంది. కష్టమంతా ఉండి అందని దానితోనూ, ఆలస్యంగా అందిన దానితోనూ.

అందుకే ఇది చదివేవాళ్ళకు రెండు విన్నపాలు. ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దవాళ్ళుంటే పక్క గదిలోంచి కేక వెయ్యకండి, వంటింట్లో వీపు తిప్పి చెప్పకండి. ఎదురుగా వచ్చి, వెలుతురు మీ ముఖం మీద పడేట్టు కూర్చుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడండి. కళ్ళజోడు తీసేస్తే మాట సరిగ్గా అందడం లేదని వాళ్ళంటే చాదస్తం అనుకోకండి, వాళ్ళు చెప్పేది అక్షరాలా నిజం. ఇక పసిపిల్లల సంగతి. కంటిపాపలో తెల్లని పొర కనిపించినా, పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, కాస్త పెద్దయ్యాక చూద్దాంలే అని వాయిదా వెయ్యకండి. వినికిడి పరీక్ష నెల లోపు, లోపం నిర్ధారణ మూడు నెలల లోపు, చికిత్స ఆరు నెలల లోపు మొదలుకావాలని నిపుణులు పెట్టిన గడువు. ఆరోగ్యశ్రీ కాక్లియర్ ఇంప్లాంట్‌ను తన పరిధిలోకి తెచ్చుకుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ సర్కారు బడులకూ వచ్చే వైద్య బృందాలు పుట్టుకతో వచ్చే శుక్లాలనూ చెవుడునూ ఉచితంగా పరీక్షిస్తాయి. అనుమానం కలిగిన రోజునే బిడ్డను తీసుకెళ్ళి చూపించండి.